గోడను అడగని లెక్క

నేను రేడియేటర్‌ని. ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో, వరుస ఇళ్లలో ఒకదాని మేడగదిలో, కిటికీ కింద ఉంటాను. నన్ను బిగించినవాడు గది పొడవూ వెడల్పూ చూసి, ‘1500 వాట్లది చాలు’ అన్నాడు. గోడ దేనితో కట్టారో చూడలేదు. బాయిలర్ నుంచి సగటున 70 డిగ్రీల నీళ్లు వచ్చినన్నాళ్లూ ఆ లోపం బయటపడలేదు.

ఈ ఏడాది గ్యాస్ బాయిలర్ తీసేసి హీట్ పంప్ పెట్టాలనుకున్నారు. నీళ్లు ఎంత తక్కువ వేడితో పంపితే దానికి కరెంటు అంత ఆదా. సగటున 45 డిగ్రీల నీళ్లే వస్తే నేను 600 వాట్లు కూడా దాటను.

‘ఏవండీ, ఇంకా పెద్ద రేడియేటర్ పెట్టిస్తే సరిపోదా?’ అంది కాకినాడ నుంచి వచ్చి స్థిరపడిన ఇంటావిడ.

సర్వేకి వచ్చినతను తొందరపడలేదు. లోపల 21, బయట మైనస్ 3 అనుకుని 24 డిగ్రీల తేడాకు లెక్క కట్టాడు. బయటి గోడ ఏడున్నర చదరపు మీటర్లు; తొమ్మిదంగుళాల ఇటుక, మధ్యలో ఖాళీ లేదు. చదరపు మీటరుకు, డిగ్రీకి 2.1 వాట్ల చొప్పున దాదాపు 380 వాట్లు అటే పోతున్నాయి. కిటికీకి 130, పైకప్పుకు 50.

ఆ తర్వాత చెయ్యి తడిచేసుకుని గోడ అడుగు చెక్క వెంబడే మెల్లగా పోనిచ్చాడు. నా పైపులు నేలలోకి దిగేచోట ఆగాడు. అక్కడ వేలు పట్టేంత సందు ఉంది, చల్లగాలి రివ్వున కొడుతోంది. గదిలోని గాలి గంటకు ఒకటిన్నరసార్లు మారిపోతోందని అంచనా వేశాడు. దానికే 400 వాట్లు! ఇన్నేళ్లూ గోడ తినేసినంత వేడినీ ఆ సందులూ తినేశాయి. నాకు నిజంగా కడుపు తరుక్కుపోయింది. గది వైశాల్యాన్ని ఏదో ఒక అంకెతో గుణించి వాట్లు చెప్పేసేవాళ్లకు ఈ 400 ఎప్పటికీ కనబడదు.

మొత్తం వెయ్యికి కాస్త తక్కువ. నా 600 చాలదు.

పెద్ద రేడియేటర్ కొనలేదు. నన్ను విప్పి పక్కన పెట్టి, గోడకు లోపలివైపు ఇన్సులేషన్ పలకలు వేశారు, సందులన్నీ పూడ్చారు. తేమ పట్టకుండా కిటికీ పైనున్న సన్నటి గాలిదారి మాత్రం తెరిచి ఉంచారు. గోడ నష్టం 55కి, గాలి నష్టం 130కి దిగాయి. ఇప్పుడు గదికి 400 వాట్లు కూడా అక్కర్లేదు. నన్ను మళ్లీ అక్కడే బిగించారు. పంపు సైజు ఇంకా తేల్చలేదు. కింది గదులు కొలవాల్సి ఉంది.