తెర మీద చిత్రిక

కరోనా కాలంలో మన బడులు సాధించిన ఒక ఘనకార్యానికి రావలసినంత పేరు రాలేదు. అది చెయ్యి కదపకుండా చేతిపని నేర్పడం. 2020 మార్చిలో బడులకు తాళాలు పడ్డాయి. సెప్టెంబర్ 1 నుంచి తెలంగాణలో టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి తెరల మీద పాఠాలు మొదలయ్యాయి. లెక్కలు తెరలో ఎలా ఇమడాలి, సైన్సు ప్రయోగాలు ఎలా చూపాలి అని పంతుళ్లు తలలు పట్టుకున్నారు. ఏ తలనొప్పీ తేకుండా తెర దాటింది పనివిద్య ఒక్కటే. పదో తరగతి మెమోలో 'వర్క్ అండ్ కంప్యూటర్ ఎడ్యుకేషన్' అని ఒక గడి ఉంటుంది. ఉలి లేదు, రంపం లేదు, చెక్కముక్క లేదు, అయినా ఆ గడికి గ్రేడు మాత్రం కావాలి. తరలించడానికి సామాను లేని ఇల్లు ఖాళీ చేయడం ఎంత సులువో ఇదీ అంతే.

'రోగం మీద నింద వేయకండి, ముందు మాత్రం ఏం నేర్పారు?' అంటారా? న్యాయమైన మాటే, నేను చెప్పేదీ అదే. 1937లో వార్ధాలో గాంధీజీ చేతిపని చుట్టూ చదువు అల్లాలన్నారు. 1966లో కొఠారీ కమిషన్ పని అనుభవం అంది. ఇప్పుడు చాలా హైస్కూళ్లలో క్రాఫ్ట్ టీచరే లేడు. ఇక జాతీయ విద్యావిధానం ముహూర్తబలం చూడండి. 6-8 తరగతుల పిల్లలు పది రోజులు సంచి లేకుండా వడ్రంగులు, కుమ్మరుల దగ్గర పని చూసి నేర్వాలని అది చెప్పింది 2020 జులై 29న. ఆనాడు దేశంలో ఏ బడిపిల్ల భుజానా సంచి లేదు. సిరిసిల్ల జిల్లా చందుర్తి చుట్టుపక్కల వానాకాలం సాగు నడుస్తూనే ఉంది, పారకు కామ బిగించాలన్నా, విరిగిన తలుపు రెక్క బాగుచేయాలన్నా వడ్లాయనే దిక్కు. పిల్లలు ఊళ్లో, పనివాడు ఊళ్లో, విధానం ఢిల్లీలో.

'ప్రాణం కంటే బాడిశ ఎక్కువా?' అనేవారికి జవాబుంది. నలభై మందిని ఒక గదిలో కుక్కమని ఎవరూ అనలేదు. వడ్లాయన కొట్టానికి గోడలే తక్కువ, ఇద్దరు పిల్లలు మాస్కులతో ఎడంగా కూర్చోవచ్చు. 'వీడియో చాలదా?' అంటే, ఉలి ఎక్కడ పెట్టాలో వీడియో చూపిస్తుంది. కర్రలో ముడి తగిలినప్పుడు మణికట్టుకు వచ్చే అదురును అది చూపలేదు. రంపం వంకర పోతోందని అనుభవం ఉన్నవాడు చప్పుడు విని పసిగడతాడు, టీవీకి ఆ చెవి లేదు. సిరిసిల్లలో మరమగ్గం మీద తెగిన పోగు అతకడం ఎవరైనా తెర చూసి నేర్చుకున్నారా?

చివరి అభ్యంతరం మరీ గట్టిది, వడ్లాయనకు బీఈడీ లేదు. నిజమే. ఆ గడిలో గ్రేడు వేసినవారికి బీఈడీ ఉంది, ఉలి లేదు. ఇద్దరూ ఒకే ఊళ్లో ఉన్నారు కాబట్టి గ్రేడు వేసేముందు పిల్లవాడు చెక్కిన పీట ఒకసారి వడ్లాయనకు చూపించండి. పీటంటూ ఉంటే.