డబ్బా విప్పని వీరులు

పెళ్లిళ్ల పేరయ్యలకు కొత్త చిక్కొచ్చిపడింది. పెదనందిపాడు వైపు నాలుగెకరాల నల్లరేగడి, గుంటూరులో ఒక అపార్ట్‌మెంటు, అమరావతిలో ఒక ప్లాటు అంటూ అబ్బాయి ఆస్తులు ఏకరువు పెట్టే వరసలో ఈ మధ్య ఇంకో పద్దు చేరుతోంది. "హైదరాబాదు ఫ్లాటులో గాజు బీరువా నిండా బొమ్మలున్నాయండీ!" అమ్మాయి తండ్రి నవ్వబోతాడు. అబ్బాయి మాత్రం నవ్వడు. "బొమ్మలు కావంకుల్, కలెక్టబుల్స్. పెట్టుబడి కింద కొన్నాను" అంటాడు. ఆ తండ్రి మిర్చి యార్డులో ముప్పయ్యేళ్లు కమీషన్ వ్యాపారం చేసినవాడైతే ఇక అడిగేది ఒక్కటే: "కొనేవాడెవడు బాబూ?" సంబంధం అక్కడే చల్లబడుతుంది.

తెలియని పెద్దల కోసం కాస్త వివరం. హాంకాంగ్‌లో హాట్ టాయ్స్ అనే కంపెనీ ఉంది, 2000లో మొదలైంది. సినిమా వీరుణ్ణి ఆరో వంతుకు కుదించి, అడుగెత్తున పోతపోసి, ముఖం మీద చర్మపు గరుకుతో సహా రంగులద్ది, మార్చుకోవడానికి నాలుగైదు జతల చేతులు అదనంగా పెట్టి పంపిస్తుంది. ఒంట్లో ముప్పైకి పైగా కీళ్లు. పనితనానికి నేను వంక పెట్టను. దగ్గర నుంచి చూస్తే ఐరన్ మ్యాన్ ముఖంలో ఆ నటుడి వెటకారం కూడా కనపడుతుంది. నా పేచీ బొమ్మతో కాదు. ధరతో కొంత, ఆ ధరతో పాటు ఉచితంగా వచ్చే ఉపన్యాసంతో చాలా. "ఇది ఖర్చు కాదు సార్, ఏటేటా రేటు ఎలా పెరుగుతోందో చూడండి."

సరే, చూద్దాం. పదిహేనేళ్ల కిందట ఇలాంటి బొమ్మ అమెరికాలో నూట డెబ్బై డాలర్లకు అటూ ఇటూ ఉండేది. అప్పుడు డాలరు నలభై అయిదు రూపాయలు. అంటే ఏడున్నర వేల చిల్లర. ఇవాళ అదే తరహా బొమ్మ మూడు వందల డాలర్ల దగ్గరుంది. డాలరు ఎనభై అయిదు లెక్కన వేసినా 25,500 రూపాయలు. ఆగండి, ఓడ ఇంకా రేవుకు రాలేదు. బొమ్మల మీద కస్టమ్స్ సుంకాన్ని కేంద్రం 2020 ఫిబ్రవరిలో ఇరవై శాతం నుంచి అరవైకి, 2023లో డెబ్బైకి పెంచింది. అంటే ఇంకో 17,850. మొత్తం 43,350. దీని మీద జీఎస్టీ, కొరియరు, మధ్యవర్తి లాభం ఎవరి ఓపిక కొద్దీ వాళ్లు వేసుకోవచ్చు.

అబ్బాయి దీన్నే "విలువ పెరిగింది" అంటున్నాడు. రూపాయి పడింది, సుంకం లేచింది, చైనా ఫ్యాక్టరీలో కూలి పెరిగింది, సినిమా కంపెనీ తన పేరు వాడుకున్నందుకు తీసుకునే వాటా పెరిగింది. మధ్యలో ఐరన్ మ్యాన్ కదలకుండా నిలబడి ఉన్నాడు. డీఏపీ బస్తా రేటు పెరిగిందని, గొడౌనులో ఖాళీ సంచులు దాచి "నా ఆస్తి పెరిగింది" అని ఏ రైతూ చెప్పుకోడు.

ఇలా కలెక్టబుల్స్ దాచుకునే కలెక్టరు ముందు "బొమ్మ" అంటే కోపం. కస్టమ్స్ వాడికి ఆ కోపం పట్టదు, డెబ్బై శాతం కట్టించుకునే పంపిస్తాడు. ఈ తగువు ఇవాళ్టిది కాదు. 1964లో హాస్బ్రో కంపెనీ జీఐ జో అనే సిపాయిని దింపుతూ, మగపిల్లలు ఆడపిల్లల బొమ్మలతో ఆడుకోరని భయపడి, దానికి యాక్షన్ ఫిగర్ అని పేరు పెట్టింది. సుంకం తప్పించుకోవడానికి అదే వాదన పట్టుకుని కోర్టుకెక్కితే, 1989లో అమెరికా అప్పీలు కోర్టు జీఐ జో కూడా బొమ్మేనని తేల్చి పంపేసింది. ఆ తర్వాత మార్వెల్ బొమ్మలు చేసే టాయ్ బిజ్ ఇంకా గడుసుగా వెళ్లింది. మనిషి ఆకారపు బొమ్మలకు పన్నెండు శాతం సుంకం, మిగతా ఆటవస్తువులకు 6.8 శాతం కాబట్టి, మా ఎక్స్-మెన్ అసలు మనుషులే కారని వాదించింది. 2003లో నెగ్గింది కూడా. నలభై ఏళ్లుగా కథల్లో "మేమూ మనుషులమే" అని మొత్తుకుంటున్న పాత్రలను, వాళ్లను అమ్ముకుని బతికే కంపెనీయే, అయిదు శాతం చిల్లర కోసం మనుషులు కారనిపించింది. కర్ణుణ్ణి సూతపుత్రుడన్న సభలో కూడా ఇంత లెక్క చూసుకుని అనలేదు.

ఇక అసలు సంగతి, డబ్బా. బొమ్మ కొన్నవాడు దాన్ని విప్పకూడదు. విప్పితే రేటు పోతుంది. పెట్టె అంచు నలిగినా పోతుంది. అది సరుకు రవాణాకు వాడిన అట్టపెట్టెలోనే, ఆ అట్టపెట్టె ఇంకో అట్టపెట్టెలోనే ఉంటే ఇంకా మంచిది. ఒకవేళ ప్రాణం ఆగక విప్పాడే అనుకోండి, ఒక భంగిమలో నిలబెట్టి గాజు తలుపు వేసేయాలి. ముప్పై కీళ్లున్నా ఒక్కటీ కదపకూడదు. రంగు రాసుకుపోతుంది, మోచేతి దగ్గర తొడుగు చిట్లుతుంది.

ఇప్పుడు గుంటూరు యార్డుకు రండి. తెల్లవారి మిర్చి బస్తాలు, అంటే టిక్కీలు దిగుతాయి. తేజ అయినా, 334 అయినా, 341 అయినా, బ్యాడిగి అయినా బస్తా మూతి విప్పకుండా రేటు చెప్పే మొనగాడు ఆ యార్డులో లేడు. కొనుగోలుదారు చెయ్యి లోపలికి దూర్చి కింది నుంచి మచ్చు తీస్తాడు. రంగు చూస్తాడు, తొడిమ విరిచి చూస్తాడు, గుప్పిట్లో నలిపి తేమ చూస్తాడు. ఒక గుప్పెడు తాలుకాయ కనపడితే క్వింటాకు ఎంత తెగ్గొట్టాలో ముఖంలోనే తెలిసిపోతుంది. "విప్పొద్దు, విప్పితే రేటు పోతుంది" అని రైతెవరైనా అంటే అందులో ఇటుకలున్నాయనుకుంటారు.

నవ్వులాటకు అనడం లేదు. ఏమీ లేని డబ్బా అమ్మిన చరిత్ర ఈ వ్యాపారానికి నిజంగానే ఉంది. 1977లో స్టార్ వార్స్ సినిమా ఆడేసింది, కెన్నర్ కంపెనీ దగ్గర బొమ్మలు తయారు కాలేదు. క్రిస్మస్ నెత్తిమీదికొచ్చింది. అప్పుడు ఒక అట్ట కవరు, అందులో "బొమ్మలు తర్వాత పంపిస్తాం" అనే కాగితం పెట్టి అమ్మారు. జనం కొన్నారు! ఆ సినిమాల వరసలోనే తర్వాత వచ్చిన బోబా ఫెట్ బొమ్మకు వీపున చిన్న రాకెట్టు దూసుకుపోయేలా నమూనాలు చేసి, పిల్లల గొంతులో పడుతుందన్న భయంతో ఆపేశారు. ఏ పిల్లవాడి చేతికీ చేరని ఆ నమూనాల్లో ఒకటి 2024లో అమెరికా వేలంలో 5,25,000 డాలర్లు పలికింది. మన డబ్బులో నాలుగు కోట్ల పైచిలుకు. కలెక్టర్లందరూ దండకంలా చదివేది దీన్నే. ఎందుకు పలికిందో మాత్రం చెప్పరు. అవి చాలా కొద్దిగా మిగిలాయి కాబట్టి పలికింది. దాచుకోవాలని ఎవరూ అనుకోని వస్తువు కాబట్టి ఎక్కువ మిగల్లేదు. మరి నీ ఐరన్ మ్యాన్? కొన్న ప్రతివాడూ డబ్బా విప్పకుండా దాస్తున్నాడు. పాతికేళ్ల తర్వాత అందరూ ఒకేసారి "అపురూపం" అంటూ బయటికి తీస్తారు. ఒకే రోజు యార్డుకు లక్షన్నర టిక్కీలు వచ్చినప్పుడు ఏం జరుగుతుందో గుంటూరు ఏటుకూరు రోడ్డులో ఎవరినడిగినా చెబుతారు.

ఈ సినిమా మనవాళ్లు ఈము పక్షులతో చూసేశారు. ఈము మాంసానికి గిరాకీ, నూనెకు గిరాకీ, ఈకకు కూడా గిరాకీ అన్నారు. మన రాష్ట్రంలో ఊరూరా కంచెలు లేచాయి. మాంసం తిన్నవాడు కనపడలేదు కానీ పిల్లల్ని కొన్నవాడు మాత్రం ప్రతి ఊళ్లో కనపడ్డాడు, ఎందుకంటే వాడూ ఈములు పెంచి ఇంకొకడికి పిల్లల్ని అమ్మేవాడే. 2012లో తమిళనాడు పెరుందురైలో సుసీ ఈము ఫారమ్స్ బోర్డు తిప్పేసేసరికి ఆ ఆఖరి ఇంకొకడు ఎవరో తెలిసింది. అమెరికాలో దీన్నే గుడ్డబొమ్మలతో ఆడారు. బీనీ బేబీస్ అనే ఆ బొమ్మల పిచ్చి ముదిరిన 1999లో విడాకులు తీసుకున్న జంట ఒకటి లాస్ వేగస్ కోర్టు హాల్లో నేల మీద కూచుని, జడ్జి ఎదుటే ఒక్కొక్క బొమ్మా పంచుకుంది. ఇవాళ ఆ బొమ్మల్లో చాలావాటికి కోర్టు ఫీజు కూడా రాదు. ఇంకా దగ్గరి ముచ్చట కావాలంటే ఫంకో అనే బొమ్మల కంపెనీ ఉంది. 2023లో గొడౌన్లలో చోటు లేక మూడు కోట్ల నుంచి మూడు కోట్ల అరవై లక్షల డాలర్ల సరుకును చెత్తకుప్పకు తరలిస్తామని తానే ప్రకటించింది. అవీ కలెక్టబుల్సే!

పోనీ పాతికేళ్లు ఆగుదామన్నా మన ఎండ ఆగనివ్వదు. బొమ్మ ఒంటిమీద తోలులా కనిపించేది తోలు కాదు. కొన్నేళ్లకు పొలుసులు పొలుసులుగా రాలుతుంది, రబ్బరు సూటు జిగటెక్కుతుంది. రెంటచింతల మే నెలలో మనుషులే జిగటెక్కుతారు. కాబట్టి వీరుడికి ఏసీ గది కావాలి. మిర్చికీ కోల్డ్ స్టోరేజీ కావాలి, నిజమే. కానీ కోల్డ్ స్టోరేజీ బాండు పట్టుకెళ్తే బ్యాంకు అప్పిస్తుంది. బ్యాట్‌మ్యాన్ డబ్బా తాకట్టు పెట్టుకునే మేనేజరు చిలకలూరిపేటలో అయితే లేడు, ఒంగోలులో ఉన్నా బదిలీ మీద ఉంటాడు.

ఒంగోలు అనగానే ఒక ఎదురు ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. మీ ప్రకాశం వాళ్లు బండలాగే ఎడ్లకు లక్షలు పోయడం లేదా? పోస్తారు. మన ఎడ్ల సంతతే బ్రెజిల్లో నెలోర్ జాతి అయింది. అందులో వియాటినా-19 అనే ఆవు మూడో వంతు వాటా 2023లో సుమారు పద్నాలుగు లక్షల డాలర్లకు పోయింది. పిచ్చి అందామా, అందాం. అయితే ఆ పిచ్చికి పేడ ఉంది, దూడ ఉంది, బండ లాగి గెలిచే పందెం ఉంది. బొమ్మకు దూడ పుట్టదు.

యాక్షన్ చూడాలంటే తోలుబొమ్మలు చూడాలి. మేకతోలు పారదర్శకంగా గీకి, రెండు వైపులా రంగులేసి, భుజం దగ్గర, మోచేతి దగ్గర, నడుం దగ్గర దారంతో ముడేసిన బొమ్మ. కొన్ని ఆరడుగుల మనిషంత ఉంటాయి. దీపం ముందు హనుమంతుడు ఎగిరితే తెర వెనక ఆడించేవాడు చెక్కల మీద కాలితో దడదడలాడించేవాడు. మధ్యలో కేతిగాడు, బంగారక్క వచ్చి నా వ్యాసంలో రాయలేని మాటలనేవాళ్లు. ఆ బొమ్మ రాత్రంతా యుద్ధం చేసి, చిరిగితే కుట్టు వేయించుకుని, మరో ఊరు పోయేది. ఈ తోలుబొమ్మల కళకే నిమ్మలకుంట దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆ ఊళ్లోనే ఇప్పుడు ఆ చేతులే బతుకుతెరువు కోసం అదే తోలుతో దీపాల గొడుగులు చేస్తున్నాయి. దీపం గొడుగు వెల విని "చేత్తో చేసిందేగా, కొంచెం తగ్గించుకో" అని బేరమాడే పెద్దమనిషి హాంకాంగ్ పెట్టెకు ఏడాది ముందే వాయిదాల్లో డబ్బు కట్టి, మూడుసార్లు విడుదల వాయిదా పడినా కిమ్మనడు. నాకు నిజంగా ఒళ్లు మండేది ఇక్కడే. తెనాలిలో సూర్య శిల్పశాల వారు 2021లో పాత నట్లు, బోల్టులతో పద్నాలుగడుగుల మోదీ విగ్రహం నిలబెట్టారు. అలాంటి విగ్రహాలు ఎండలో, వానలో, కాకుల కింద నిలబడతాయి. వాటికి డబ్బా కూడా ఉండదు.

ఇష్టపడి కొంటే కొనుక్కోండి. సంక్రాంతి కొలువులో మన అమ్మమ్మలు మెడ విరిగిన కొండపల్లి ఏనుగు అంబారీని మైదాతో అతికించి ముందు వరసలో పెట్టినప్పుడు రాబడి ఎంత అని ఎవరూ అడగలేదు. చూసి మురిసిపోవడానికి నలభై మూడు వేలు పెట్టానని ధైర్యంగా చెప్పేవాణ్ణి నేను గౌరవిస్తాను. వాడి ఇంటికెళ్తే టీ తాగి, బొమ్మ చెయ్యి ఒకసారి పైకెత్తి చూసి వస్తాను కూడా.

పెట్టుబడి అనే పట్టుదల వదలనివారికి మాత్రం వేరే దారి లేదు, ప్రభుత్వాన్ని ఆశ్రయించాలి. 2023లో ఇరవై వేలు దాటిన మిర్చి క్వింటా 2025 ఫిబ్రవరికి పదకొండు వేల చుట్టూ తిరుగుతుంటే, కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద 11,781 రూపాయలు ఖరారు చేసింది. ఆ ధర ప్రకారం ఒక ఐరన్ మ్యాన్ అంటే ఇంచుమించు మూడు ముప్పాతిక క్వింటాళ్లు. ఆ పథకాన్నే బొమ్మలకూ వర్తింపజేయమని కలెక్టర్ల సంఘం ఒకటి పెట్టుకుని అర్జీ ఇవ్వొచ్చు. ధరలో తేడా కేంద్రం సగం, రాష్ట్రం సగం భరించాలి. డబ్బా విప్పనిది మేలు రకం, విప్పింది తాలు. పత్తికి సీసీఐ చూసినట్టే తేమ కూడా చూస్తారు, పన్నెండు శాతం దాటి జిగటగా ఉన్న బ్యాట్‌మ్యాన్‌ను వెనక్కి పంపేస్తారు. ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం నకళ్లు ఎలాగూ ఉన్నాయి. ఈ-క్రాప్ నమోదు మాత్రం తప్పదు. కాబట్టి ఐరన్ మ్యాన్‌ను ఏ సర్వే నంబరులో, ఎన్ని సెంట్లలో వేశారో ముందే రాసి పెట్టుకోండి.