సున్నపు దుమ్ములో స్ప్లెండర్

ఈ బండికి ‘నేను’ అనే అలవాటు లేదు. ఇంట్లో అందరూ ‘బండి’ అనే అంటారు కాబట్టి తన కథ తానూ అలాగే చెప్పుకుంటుంది. పుట్టింది 2010లో, ట్యాంకు మీద హీరో హోండా పేరుతో. ఆ డిసెంబరులోనే రెండు కంపెనీలూ విడిపోతున్నట్టు ప్రకటించాయి. పుట్టింట్లో వాటాలు పడ్డా 97.2 సీసీ ఇంజనుకు ఏమీ పట్టలేదు. గురజాల దగ్గర ఒక మిరప రైతు ఇంటికి చేరింది.

ఫ్రీ సర్వీసు కూపన్లు ఉన్నన్నాళ్లూ షోరూముకే వెళ్లింది. పొద్దున అప్పజెబితే సాయంత్రం తీసుకోవాలి. లోపల ఏం జరిగిందో బల్ల మీద కూర్చున్న రైతుకు కనపడదు, జాబ్ కార్డు మీద టిక్కులు మాత్రం కనపడతాయి. ఒకసారి అన్ని టిక్కులూ పడ్డాయి, బండి తళతళలాడింది, చైను మాత్రం వెళ్లినప్పుడు ఎంత వేలాడిందో వచ్చేటప్పుడూ అంతే.

కూపన్లు అయిపోయాక వాకిలే సర్వీసు సెంటరైంది. ఇంజను వేడిగా ఉండగానే 17 నంబరు స్పానరుతో కింది బోల్టు విప్పి, పాత ఆయిలు కార్చి, 900 మిల్లీలీటర్ల కొత్త డబ్బా పోసేవాడు. చైను 20 నుంచి 30 మిల్లీమీటర్ల వరకు ఊగాలని పుస్తకంలో చూసి, స్కేలు పెట్టి మరీ బిగించేవాడు. అంత ఓపిక షోరూములో ఎవరికుంటుంది? పొలం పని లేని రోజైతేనే రైతుకైనా ఉండేది, అది వేరే సంగతి.

వాకిలి సర్వీసుకూ ఒక గండం వచ్చింది. నరసరావుపేట బావమరిది కారులో పోయగా మిగిలిన ఖరీదైన ఆయిలు ఇచ్చాడు. అది పోశాక విజయపురి సౌత్ వైపు ఎత్తు ఎక్కుతుంటే ఇంజను అరుస్తుంది, బండి కదలదు. ఈ బండి క్లచ్ ప్లేట్లు మునిగేది ఇంజను ఆయిల్లోనే. కారులో క్లచ్ వేరుగా ఉంటుంది, అందుకే కారు ఆయిళ్లలో జారుడు పెంచే మందులు కలుపుతారు. బైకు డబ్బా మీద ‘జాసో ఎంఏ’ అన్న గుర్తు ఎందుకుంటుందో రైతుకు ఆ ఎత్తు మీదే తెలిసింది.

అసలు శత్రువు పిడుగురాళ్ల. సున్నపు బట్టీల మధ్య నుంచి రోజూ వెళ్లొస్తే ఎయిర్ ఫిల్టరు తెల్లబడుతుంది, గాలి అందక ఇంజను పెట్రోలు ఎక్కువ తాగుతుంది. షోరూము కిలోమీటర్లు లెక్కపెడుతుంది, దుమ్మును లెక్కపెట్టదు. దుమ్ము ప్రాంతాల్లో గడువు కంటే ముందే చూసుకోమని యజమాని పుస్తకమే చెబుతుంది, అయితే ఆ వాక్యం చదివేవాళ్లు తక్కువ. ఈ ఒక్క విషయంలో వాకిలికే ఎక్కువ మార్కులు.

అలాగని వాకిలికి అన్నీ అందవు. ఈ ఇంజన్లో మురికిని గిరగిర తిప్పి అంచుకు అంటించే ఫిల్టరు ఒకటి కుడివైపు మూత వెనక దాగి ఉంటుంది. ఆయిలు ఎన్నిసార్లు మార్చినా అక్కడ అంటుకున్నది బయటికి రాదు. మాచర్లలో ఒక మెకానిక్ ఆ మూత విప్పితే నల్లటి ముద్ద గోరుకు వచ్చింది. “బాబాయ్, పైన కొత్త ఆయిలు పోస్తన్నావు సరే, లోపలి మట్టి ఎవరు తియ్యాలి?” అన్నాడు. రైతు మారుమాట్లాడకుండా కొత్త గాస్కెట్టుకు డబ్బులిచ్చాడు.

కొడుకు కొన్న బండి బీఎస్‌-6ది. 2020 ఏప్రిల్లో అమల్లోకి వచ్చిన ఆ నిబంధన కోసమే స్ప్లెండర్ కార్బురేటరు వదిలి ఫ్యూయల్ ఇంజెక్షనుకు మారింది. మీటరులో ఇంజను లైటు వెలిగితే స్పానరుతో పని కాదు, స్కానరు తగిలించాలి. వారంటీ పోకూడదని కొడుకు ఒక్క సర్వీసూ తప్పడు.

మొన్న రైతు ఆ బండి ఎయిర్ ఫిల్టరు కూడా బయటికి తీసి పెట్రోలు గిన్నె అందుకున్నాడు.

“నాన్నా, ఆగు! అది నూనె పట్టించిన కాగితం. కడగకూడదు, గాలి కొట్టకూడదు, మార్చెయ్యాలంతే.”

“కడగడానికి లేని ఫిల్టరేందిరా?”

అని గొణుగుతూనే ఈ బండి మీదే పిడుగురాళ్ల పోయి కొత్త ఫిల్టరు కొనుక్కొచ్చాడు. బిగించింది మాత్రం తనే.