ఒక్క మాట మీద ఉండకండి

పంచాయతీ ఎన్నికల నోటిఫికేషన్ పడగానే మా పక్క ఊళ్ళలో రచ్చబండ నిండుతుంది. "మనలో మనకు కొట్లాటలెందుకప్పా, ఊరంతా ఒక్క మాట మీద ఉందాం, ఏకగ్రీవం చేసుకుందాం" అంటారు పెద్దలు. నా సలహా దీనికి పూర్తిగా అడ్డం తిరుగుతుంది. చాలామందికి పెడసరంగా వినిపిస్తుందనీ తెలుసు. అయినా చెబుతున్నాను: ఒప్పుకోకండి. పోటీ పెట్టండి. ఓడిపోతామని తెలిసినా నామినేషన్ వెయ్యండి, వేసినదాన్ని వెనక్కి తీసుకోకండి.

పలమనేరు పక్క ఒక ఊళ్ళో, ఉపసంహరణ గడువుకు ముందురోజు రాత్రి నేను కూర్చుని చూశాను. గుడి ముందు బల్బు కింద చాప పరిచారు. మాట్లాడినవాళ్ళు నలుగురు, నలుగురిదీ ఒకటే వీధి. సర్పంచి పదవి ఇస్తే గుడికి ఎంత రాసిస్తావని బేరం నడిచింది. దళితవాడ నుంచి వచ్చినాయన చాప మీదికి రాలేదు, అరుగు చివర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నామినేషన్ వేసింది ఆయన కూతురు, డిగ్రీ చదివిన పిల్ల. ఆ పిల్లను ఎవరూ పిలవలేదు. "ఊరి మాట కాదంటావా?" అని ఆయన్ని అడిగారు. ఆయన ఏం చెబుతాడు? వాళ్ళు ఊరు అన్నప్పుడు అందులో ఆయన వీధి లేదు. పొద్దున్నే కాగితం వెనక్కి వచ్చేసింది.

బ్యాలెట్ పెట్టె చేసే పని ఒకటుంది, దాన్ని మనం తేలిగ్గా తీసుకుంటాం. రైతు కళ్ళంలో పని చేసే మనిషి, ఆ రైతుకు తెలియకుండా కాదని చెప్పగలిగేది అక్కడొక్కచోటే. రచ్చబండ దగ్గర కాదంటే అందరికీ తెలుస్తుంది, మర్నాడు పని ఉండదు. అందుకే ఏకగ్రీవానికి సర్కారు డబ్బు ముడిపెట్టడం నాకు ఎప్పుడూ మింగుడుపడదు. 2021లో జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల దాకా ప్రోత్సాహకం ప్రకటించారు. ఆ ఫిబ్రవరిలోనే మన చిత్తూరు, గుంటూరు జిల్లాల ఏకగ్రీవాలను అప్పటికి ప్రకటించవద్దని రాష్ట్ర ఎన్నికల సంఘం కలెక్టర్లకు చెప్పాల్సి వచ్చింది. ఆ డబ్బుతో సిమెంటు రోడ్డు పడుతుంది, నిజమే. రాజ్యాంగ 73వ సవరణ ఊళ్ళకు ఇచ్చింది మాత్రం ఎన్నుకునే హక్కు. రోడ్డు కోసం దాన్ని వదులుకోమని నేను ఎవరికీ చెప్పలేను.

ఊరి సంగతే కాదు. "అందరం తెలుగువాళ్ళమే కదా, తేడాలెందుకు" అని ఎవరన్నా నోరు నొక్కబోతే శ్రీబాగ్ ఒప్పందాన్ని గుర్తు చెయ్యండి. 1937 నవంబరు 16న మద్రాసులో, కాశీనాథుని నాగేశ్వరరావుగారి ఇంట్లో, రాయలసీమ నాయకులు తమ అనుమానాన్ని దాచుకోలేదు. కోస్తా వాళ్ళ కింద నలిగిపోతామని భయం ఉందన్నారు. నీళ్ళలో ముందు వాటా, రాజధానో హైకోర్టో కోరుకునే హక్కు, విశ్వవిద్యాలయం, అన్నీ రాయించుకున్నారు. 1953లో కర్నూలు రాజధాని కావడం వెనక ఆ కాగితం ఉంది. మరుసటేడు తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చింది. రాజధాని మూడేళ్ళకే హైదరాబాదు పోయింది, నీళ్ళ మాట చాలావరకు మాటగానే మిగిలింది. అయినా ఇవాళ్టికీ సీమవాళ్ళు ఏదడిగినా చూపించేది ఆ ఒప్పందాన్నే. ఆ రోజు మొగమాటపడి ఊరుకుని ఉంటే చూపించడానికి ఏముండేది?

ఇదే లెక్క భాషకూ పెట్టండి. నగరిలో ఒక మరమగ్గం దగ్గర నిలబడి గజం ధర అడిగాను. ఆ నేతన్న నాతో తెలుగులో మాట్లాడాడు, లోపల భార్యను తమిళంలో కేకేశాడు. లెక్క కట్టేటప్పుడు మాత్రం పెదాలు తమిళంలో కదిలాయి. మనం అరవం అని ఒక్క ముక్కలో తోసేసేది ఆ మనిషి లెక్క పెట్టుకునే భాషను. సరిహద్దు గొడవలప్పుడు తమిళ నాయకుడు మా.పొ. శివజ్ఞానంగారు తిరుత్తణితో పాటు తిరుపతి కూడా కావాలన్నారు, మనవాళ్ళు మద్రాసు మనదే అన్నారు. చివరికి మధ్యవర్తి పటాస్కర్ ఊరిని కొలతగా పెట్టుకుని, ఎక్కడ ఏ భాష వాళ్ళు ఎక్కువో చూసి సరిహద్దు తేల్చారు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి అటు పోయింది, సత్యవేడు పక్క ఊళ్ళు ఇటు వచ్చాయి. ఆ గీత ఊళ్ళ మధ్యనుంచి పోగలిగింది గానీ ఇళ్ళ మధ్యనుంచి పోలేదు. ఇలా మిగిలిపోయేవాళ్ళ కోసమే అంతకుముందే 1956లో రాజ్యాంగంలో 350ఎ చేర్చారు: తక్కువమంది మాట్లాడే భాష వాళ్ళ పిల్లలకు మొదటి చదువు సొంత భాషలో చెప్పించే ఏర్పాటు రాష్ట్రం చూడాలి. 2006లో తమిళనాడు తమిళం తప్పనిసరి చేసినప్పుడు హోసూరు పక్క తెలుగు పిల్లల కోసం మనం గొంతెత్తాం. ఆ గొంతుతోనే నగరి, సత్యవేడు, కుప్పం బడుల్లో తమిళ పంతుళ్ళ ఖాళీలు నింపమని అడగండి. అడిగేది తమిళులైతే పక్కన నిలబడండి.

సముద్రం దాటితే శ్రీలంక. అదే 1956లో వాళ్ళు సింహళం ఒక్కటే అధికార భాష అని చట్టం చేశారు. దేశమంతా ఒక్క మాట మీద ఉండాలన్నదే అక్కడి వాదం కూడా. 1983 నాటికి కొలంబో వీధుల్లో తమిళుల ఇళ్ళు, అంగళ్ళు కాలాయి. కెన్యా వాళ్ళు దెబ్బలు తిని 2010లో నేర్చుకున్నారు: అధ్యక్షుడు కావాలంటే మొత్తం ఓట్లలో సగం దాటితే చాలదు, 47 కౌంటీల్లో కనీసం 24 చోట్ల నాలుగో వంతు ఓట్లు రావాలి. సొంత తెగ ఒక్కటే మోస్తే కుర్చీ దక్కదు. మన ఊరి సర్పంచికి ఇలాంటి షరతు లేదు. ఉన్నదల్లా పోటీయే. పోటీ ఉంటేనే ఆయన పక్క వీధిలోకి ఓటడగడానికి వస్తాడు, అక్కడి బోరు ఎండిపోయిందని చూస్తాడు.

డిగ్రీ చదివిన ఆ పిల్ల మొన్న పలమనేరు బస్టాండులో కనిపించింది. మళ్ళీ నామినేషన్ వేస్తుందట. పేరు ప్రతిపాదించడానికి ఒక ఓటరు సంతకం కావాలి. వాళ్ళ వాడలో ఎవరైనా పెడతారు, కానీ ఈసారి చాప మీద కూర్చున్న ఆ నలుగురి వీధిలో ఒకరి చేత పెట్టించాలని చూస్తోంది. ఇద్దరిని అడిగిందట, ఒకరు ఆలోచించి చెబుతానన్నారట. మీ ఊళ్ళో ఇలా ఎవరన్నా కాగితం పట్టుకుని వస్తే, వాళ్ళకు ఓటెయ్యకపోయినా ఆ సంతకం మాత్రం పెట్టండి.