గార్డుకు కొలతలున్నాయి, గంటకు లేవు

గౌరవనీయ కేంద్ర హోం మంత్రిత్వ శాఖ వారికి,

విషయం: ప్రైవేటు భద్రతా చట్టానికి వినపడని అలారాలు.

ప్రైవేటు భద్రతా సంస్థల నియంత్రణ చట్టం 2005లో వచ్చింది. దాని ప్రకారం గార్డులను సరఫరా చేసే ఏజెన్సీకి లైసెన్సు తప్పనిసరి. ఒక్క జిల్లాకైతే ఫీజు 5 వేల రూపాయలు, ఐదు జిల్లాల దాకా 10 వేలు, రాష్ట్రమంతటికీ 25 వేలు. లైసెన్సు లేకుండా నడిపితే ఏడాది వరకు జైలు, లేదా 25 వేల వరకు జరిమానా, లేదా రెండూ. నిజాయితీగా కట్టే ఫీజూ, దొరికిపోతే పడే జరిమానా ఇంత చక్కగా సరిపోయిన చట్టాలు అరుదు.

గార్డు విషయంలో మాత్రం చట్టం చాలా పట్టింపు గలది. వయసు 18కి తగ్గకూడదు, 65 దాటకూడదు. పూర్వాపరాల విచారణ జరగాలి. 2006 నాటి కేంద్ర నమూనా నియమాలు 100 గంటల తరగతి శిక్షణ, 60 గంటల క్షేత్ర శిక్షణ అడిగాయి. పురుషులకు ఛాతీ 80 సెంటీమీటర్లు, ఊపిరి పీలిస్తే మరో 4 పెరగాలి. పోలీసు దుస్తులను పోలిన యూనిఫాం తొడగడం నేరం. ఇవన్నీ ఏజెన్సీ పంపిన గార్డుకే. సెల్లార్లో గది ఇచ్చి అపార్ట్‌మెంట్‌వాళ్లే నేరుగా పెట్టుకున్న వాచ్‌మన్ ఈ లెక్కలోకి రాడు.

ఇక అలారం. మనిషినో ఆస్తినో కాపలా కాయడమే ‘ప్రైవేటు భద్రత’ అని నిర్వచించి, దానికి కవచ వాహన సేవను కూడా చేర్చిన చట్టం, గంట దగ్గర మౌనం వహించింది. ఏటీఎంలకు డబ్బు మోసే వ్యాన్లకు 2018లో విడిగా నియమాలొచ్చాయి: ఒక్కో ట్రిప్పుకు 5 కోట్లకు మించరాదు, పట్టణాల్లో రాత్రి 9 దాటాక ఏటీఎంలో డబ్బు నింపరాదు. సీసీటీవీ కెమెరాలకు కూడా సైబర్ భద్రతా పరీక్షలు 2025 ఏప్రిల్ నుంచి తప్పనిసరయ్యాయి. ఇంట్లో అలారం బిగించే వ్యాపారానికి మాత్రం ఈ చట్టం కింద ఏ లైసెన్సూ అక్కర్లేదు.

ఇళ్లలో ఎక్కువగా వాడే సెన్సర్ వేడిలో వచ్చే మార్పును పసిగడుతుంది. దాని కంటి మీద బల్లి పాకినా, వేడిగాలికి తెర ఊగినా దొంగ వచ్చాడనుకోవచ్చు. ‘నాన్నా పులి’ కథ ఇక్కడ రోజూ జరిగేదే. బ్రిటన్‌లో దీనికి మందు పోలీసులే కనిపెట్టారు. అక్కడ కూడా అలారం బిగించేవారికి సర్కారీ లైసెన్సు లేదు. కానీ గుర్తింపు పొందిన తనిఖీ సంస్థ ధ్రువీకరించిన కంపెనీ బిగించి, పోలీసుల దగ్గర నంబరు తీసుకున్న వ్యవస్థ మోగితేనే వాళ్లు కదులుతారు. ఏడాదిలో మూడుసార్లు ఉత్తినే మోగితే ఆ సేవ ఆగిపోతుంది. దాంతో రెండు సెన్సర్లు ఒకే మాట చెబితే తప్ప పోలీసులకు కబురు పంపని వ్యవస్థలు వచ్చాయి. యూరప్ ప్రమాణం ఈఎన్ 50131 అయితే, రాబోయే దొంగ తెలివితేటలను బట్టి అలారాలను నాలుగు తరగతులుగా విడదీసింది. దొంగకు ఇంత గౌరవం ఇచ్చిన పత్రం మరొకటి ఉండదేమో.

మన దగ్గరా దారి లేకపోలేదు. ఆంధ్రప్రదేశ్ పోలీసుల ఎల్‌హెచ్‌ఎంఎస్ పథకంలో, ఊరెళ్లేవారు యాప్‌లో చెబితే పోలీసులే తాళం వేసిన ఇంట్లో కెమెరా పెడతారు. లోపల కదలిక కనబడగానే సంకేతం పోలీసులకు చేరుతుంది. అంగట్లో కొన్న అలారానికి అలాంటి దారి చూపాలంటే ముందు దానికొక తరగతి, సైరన్ ఎంతసేపు మోగవచ్చో ఒక హద్దు, ఉత్తుత్తి మోతలకొక లెక్క ఉండాలి.

అన్నిటికన్నా ముందు కావలసింది బిగించే టెక్నీషియన్ పూర్వాపరాల విచారణ. గేటు దగ్గర కూర్చునే గార్డుకు ఆ విచారణ ఉంది. ఇంట్లో సెన్సర్ చూపు పడని మూల ఏదో ఇంటివారికన్నా బాగా తెలిసిన టెక్నీషియన్‌కు లేదు. ‘ప్రైవేటు భద్రత’ నిర్వచనంలో అలారం బిగింపు, పర్యవేక్షణ, మరమ్మతు అనే మూడు పనులు చేర్చి, గార్డుకు వర్తించే విచారణనే అతనికీ వర్తింపజేయాలని ప్రార్థన.

ఇట్లు,
సైరన్ మోగితే పక్కకు తిరిగి పడుకునే కాలనీవాసులు