ఇంట్లోనూ అంతేనట!

పక్షవాతంతో ఎడం చెయ్యి పడిపోయినా నా నోటికేమీ కాలేదు. మా ఇంటికి అదో అదనపు కష్టం. ఫిజియోథెరపీకి వెళ్లాలంటే ఆటో, మెట్లు, గంటల తరబడి పడిగాపులు. విసుగెత్తి ఉన్న సమయంలో మా అబ్బాయి ఫోన్‌కి ఒక అధ్యయనం పంపాడు. 2019లో అచ్చయింది, అమెరికా వాళ్లది. పక్షవాతం వచ్చిన 124 మందిలో సగం మంది చేత క్లినిక్‌లో, సగం మంది చేత ఇంట్లో చేతి వ్యాయామాలు చేయించారు. 66 మార్కుల పరీక్షలో క్లినిక్ వాళ్లకి సగటున 8.36 పెరిగితే, ఇంట్లో వాళ్లకి 7.86.

"చూశావా, ఇంట్లోనూ అంతేనట!" అని మా ఆవిడకి చదివి వినిపించి, మర్నాటి నుంచి క్లినిక్ ఎగ్గొట్టాను. కింద పేరా చదివితేగా! ఆ ఇంట్లో వాళ్లు 70 నిమిషాల చొప్పున 36 సార్లు చేశారట. అందులో సగం సార్లు థెరపిస్టు వీడియోలోకి వచ్చేవాడట. మా ఇంట్లో ఉన్నది పడక్కుర్చీ, టీవీ, ఒక రబ్బరు బంతి.

పలకరించడానికొచ్చిన ప్రతివాళ్లూ "బంతి పిసకండి, బలమొస్తుంది" అన్నవాళ్లే. సీరియళ్లు చూస్తూ తెగ పిసికాను. పిడికిలి రాయిలా తయారైంది. బలమొచ్చిందని మురిశాను కూడా. తీరా చూస్తే వేళ్లు తెరుచుకోవు. గోళ్లు తియ్యాలంటే మా ఆవిడ ఒక్కో వేలూ విప్పదీయాలి. ఇలాంటి చేతిలో ముడిచే కండరాలు అసలే బిగుసుకుని ఉంటాయి, సాయం కావాల్సింది తెరిచేవాటికి. నేను దొంగ చేతికే తాళాలిచ్చాను.

చెయ్యి ఎత్తడమూ అంతే. "అదిగో, లేచింది!" అని నేనంటే, "లేచింది చెయ్యి కాదండీ, భుజం. ఒళ్లంతా కుడి పక్కకి ఒరిగిపోతున్నారు" అనేది మా ఆవిడ. "నీకేం తెలుసు" అని కసిరేవాణ్ణి.

చివరికి మళ్లీ క్లినిక్ మెట్లెక్కాను. ఫిజియో అమ్మాయి నా ఛాతీకి అడ్డంగా బెల్టు బిగించి, "ఇప్పుడు ఎత్తండి అంకుల్" అంది. చెయ్యి బల్ల మీంచి లేవలేదు. మా ఆవిడ ఏమీ అనలేదు. ఏదో ఒకటి అనేసినా బావుండేది.

ఇప్పుడు క్లినిక్‌కి వారానికోసారి వెళ్లి, ఏం చెయ్యాలో రాయించుకొస్తాం. ఇంట్లో బెల్టుకి బదులు పాత తువ్వాలు. స్టీలు గ్లాసు పట్టుకుని, జరిపి, వేళ్లు తెరిచి వదిలేయాలి. లెక్క మా ఆవిడది. ఒళ్లు ఒరిగిందా, ఆ గ్లాసు లెక్కలో వెయ్యదు.