గరిటె తిప్పు మగడ! (టీకా తాత్పర్య విశేష సహితం)

ఆ.వె.
కోడికూరలోన గోధుమ లేదని
గరిటె తిప్పు మగడ! కడిగి తిప్పు
ఇంగువందు నక్కె నింటికి వైరియై
పిసరు పిండి! చూచి పిదప వేయి

అవతారిక: హైదరాబాదులో ఒక ఫ్లాటు, ఆదివారం, పొయ్యి మీద నాటుకోడి. నాయికకు సీలియాక్ వ్యాధి. గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లో ఉండే గ్లూటెన్ అనే మాంసకృత్తు లోపలికి పోతే చాలు, ఆమె ఒంటిని కాపాడవలసిన రక్షణ వ్యవస్థే చిన్నపేగు లోపలి పొర మీద తిరగబడుతుంది. దీనికి మందు లేదు, జీవితాంతం పథ్యమే. నాయకుడు ఆరోగ్యవంతుడు, ఉత్సాహవంతుడు, పైగా వంటలో సాయం చేస్తానని తనంతట తాను వచ్చినవాడు. ఈ మూడు గుణాలూ ఒక్క మనిషిలో చేరితే ఏమవుతుందో తెలిసిన నాయిక ఆశువుగా చెప్పిన పద్యమిది.

ప్రతిపదార్థం: కోడికూరలోన = ఉడుకుతున్న నాటుకోడి కూరలో; గోధుమ లేదు + అని = గోధుమ ఉండే ప్రసక్తే లేదని నమ్మి; గరిటె తిప్పు = చేతికందిన గరిటెను పట్టి తిప్పుచున్న; మగడ = ఓ భర్తా!; కడిగి = సబ్బు పెట్టి, పీచుతో తోమి, కుళాయి కింద పట్టి; తిప్పు = అటుపిమ్మట తిప్పుము; పిసరు పిండి = కంటికానని గోధుమపిండి; ఇంటికి = ఈ గృహానికంతటికీ; వైరి + ఐ = శత్రువై; ఇంగువ + అందు = ఇంగువ డబ్బాలో; నక్కెను = దాగినది; చూచి = డబ్బా వెనక చీమ తలకాయంత అక్షరాలు చదివి; పిదప = ఆ తరువాత; వేయి = వేయుము.

తాత్పర్యం: కోడిలో దోషం లేదు, నీ చేతిలో ఉంది.

విశేషాలు: "తిప్పు" రెండుసార్లు వచ్చినా పునరుక్తి కాదు. మొదటిది మగడికి విశేషణం, రెండోది ఆజ్ఞ. నిత్యవ్యవహారంలో ఈ నాయిక భర్తను "ఏవండీ, మీరు" అనే పిలుస్తుంది. పద్యంలో హఠాత్తుగా ఏకవచనానికి దిగడం ఛందస్సు కోసమని కొందరన్నారు. వాళ్లు పెళ్లి కానివాళ్లు.

"కోడికూర" అనడంలో ఔచిత్యముంది. పూర్వపక్షం ఇలా నడుస్తుంది: మాంసంలో గోధుమ ఉండదు. మన కూరలు చిక్కబడేది ఉల్లిపాయతో, గసగసాలతో, ఎండుకొబ్బరితో. గోంగూర మాంసంలో గానీ రొయ్యల ఇగురులో గానీ చేపల పులుసులో గానీ మైదాకు చోటే లేదు. కాబట్టి అన్నం తినే తెలుగింట్లో ఈ రోగి నిశ్చింతగా ఉండవచ్చు. నాయకుడి ధీమాకు మూలం ఇదే, చాలావరకు నిజం కూడా. రాయలసీమ రాగిసంగటి, నాటుకోడి పులుసు జంటను ఏ డాక్టరూ తప్పుపట్టడు. అయితే ఈ వాదం గిన్నె లోపలికే చూసింది. గిన్నె చుట్టూ చూడలేదు.

చుట్టూ ఉన్నవాటిలో మొదటిది గరిటె. పొద్దున అది బొంబాయి రవ్వ ఉప్మాలో తిరిగింది. బొంబాయి రవ్వ గోధుమ బిడ్డే. "ఒక్కసారి పెట్టి తీశాను, అంతే కదా" అని నాయకుడి సమాధానం. దీనికి లెక్క కట్టి జవాబు చెప్పాలి. ఆహార పదార్థాన్ని గ్లూటెన్ రహితమని అమ్మాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండకూడదని అంతర్జాతీయ కోడెక్స్ ప్రమాణం, మన దేశపు నియమమూ అదే. గోధుమపిండిలో సుమారు పదోవంతు గ్లూటెన్ అనుకుంటే, కిలో కూరను చెడగొట్టడానికి 200 మిల్లీగ్రాముల పిండి చాలు. అంటే రెండు వేళ్ల మధ్య పట్టే చిటికె. ఇందుకే కవయిత్రి "పిసరు" అన్నది. అతిశయోక్తి అలంకారమని భ్రమపడరాదు, ఇది స్వభావోక్తి.

ఇక మూడో పాదం మీద పెద్ద ఆక్షేపణ ఉంది. కోడికూరలో ఇంగువ ఎవరు వేస్తారు? అల్లం వెల్లుల్లి దంచి వేసే చోట ఇంగువకు పనేమిటి? నాయకుడి తల్లిగారు దీన్నిబట్టి పద్యమే తప్పని తీర్పు చెప్పారు. సమాధానం: ఇక్కడ ఇంగువ ఉపలక్షణం. కాకులు పాడుచేయకుండా పెరుగు చూస్తుండమంటే కుక్క వచ్చినా తోలమనే కదా అర్థం! ముడి ఇంగువ ఘాటు భరించలేనిది గనుక అందులో బంకా, పిండీ కలిపి డబ్బాల్లో అమ్ముతారు, ఆ పిండి తరచు గోధుమదే. ఏ అనుమానానికీ తావివ్వని పప్పుచారు పోపులోనే శత్రువు కూర్చుంటే మిగతాచోట్ల ఎంతమంది ఉంటారో ఊహించుకోమని భావం.

ఆ మిగతావాళ్లెవరంటే: చిల్లీ చికెన్‌లోకి పోసే సోయా సాసు, ఎందుకంటే మామూలు రకాన్ని సోయాతో పాటు గోధుమ కలిపే పులియబెడతారు. చేపముక్కకు అద్దే రవ్వ. దాని బదులు బియ్యప్పిండి అద్దితే వేపుడు ఇంకా కరకరలాడుతుంది, ఇందులో త్యాగమేమీ లేదు. పూరీలు వేయించిన నూనె. పిండిమర, మన జొన్నల కంటే ముందు ఎవరి గోధుమలో ఆడి ఉంటాయి, తొలి గుప్పెడు వాటిదే. మటన్‌తో జొన్నరొట్టె తినాలనుకున్న ఈ దంపతులు జొన్నలు ఏరి, కడిగి, ఆరబెట్టి ఇంట్లో మిక్సీలోనే పట్టుకుంటారు. పిండి కాస్త బరకగా వస్తుంది, రొట్టె అంచులు చీలుతాయి. తింటారు.

అందరికంటే గడుసువాడు దమ్ బిరియానీలో ఉన్నాడు. బియ్యం, మాంసం, పెరుగు, వేయించిన ఉల్లిపాయ, అన్నీ శుద్ధమే. కానీ ఆవిరి పోకుండా గిన్నె అంచు చుట్టూ గోధుమపిండి ముద్దను తాడులా పేని అతికి, పైన మూత నొక్కుతారు. దమ్ అయ్యేసరికి అది ఎండి పెంకులా గట్టిపడుతుంది. అట్లకాడ దూర్చి మూత లేపినప్పుడు ఫట్టుమని పగిలి, పెళ్లలు కొన్ని బయటికీ కొన్ని నేరుగా పై వరస అన్నంలోకీ రాలుతాయి. కుంకుమపువ్వు పాలు పడ్డ మెతుకుల మధ్య అవి కనపడను కూడా కనపడవు. ఈ ఇంట్లో మొదట బియ్యప్పిండి ముద్దతో అతికి చూశారు. సాగే గుణమిచ్చేది గ్లూటెనే కాబట్టి అది లేని ముద్ద నెర్రెలిచ్చి ఆవిరిని వదిలేసింది. ఇప్పుడు అల్యూమినియం ఫాయిల్ రెండు మడతలు, దానిమీద మూత, మూత మీద రోలు. సంప్రదాయ భంగమే, అయినా రుచిలో తేడా పట్టగలిగినవారు ఇంతవరకు రాలేదు.

హలీం గురించి పద్యం ఏమీ అనదు. 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన హైదరాబాదీ హలీంలో గోధుమ నక్కి లేదు, దర్జాగా కూర్చుంది. మాంసంతో కలిపి దాన్ని దంచడమే ఆ వంటకం. రంజాన్ నెలలో నాయకుడు ఆఫీసు నుంచి వస్తూ బయటే తిని వస్తాడు. పళ్లు తోముకున్నాకే నాయిక దగ్గరికి రానిస్తుంది. ఇందువల్ల శృంగార రసానికి కలిగే విఘాతాన్ని లాక్షణికులు ఎక్కడా చర్చించలేదు.

"ఇంటికి వైరి" అన్నది, "నాకు వైరి" అనలేదు. బ్రెడ్డు తినడానికి అభ్యంతరం లేని నాయకుడు కూడా దాన్ని మూత బిగించిన డబ్బాలో కింది అరలో దాచుకుంటున్నాడు. ఈ వైరిని పట్టిచ్చినవాడు విల్లెం డికె అనే డచ్ పిల్లల వైద్యుడు. 1930లలోనే ఆయన గోధుమను అనుమానించాడు. 1944-45 చలికాలంలో నెదర్లాండ్స్‌లో కరువు వచ్చి బ్రెడ్డు కరవైన రోజులు ఆ అనుమానాన్ని బలపరిచాయి, 1950లో సిద్ధాంత గ్రంథం రాశాడు. ఊరంతా ఆకలితో కృశిస్తుంటే తేరుకున్న పిల్లలను చూసి రోగానికి కారణం కనిపెట్టడం మామూలు చూపు కాదు.

"చూచి" అంటే ఆ చూపే, కాస్త చిన్న ఎత్తున. మన మెదక్ సీమ కొల్చారం వాడైన కావ్యవ్యాఖ్యాత మల్లినాథసూరి మూలంలో ఆధారం లేనిదేదీ రాయనని నియమం పెట్టుకున్నాడు. ఈ నాయికకు మూలగ్రంథం మసాలా పొట్లం వెనక పక్క. ఫోనుతో ఫోటో తీసి పెద్దది చేసి చదువుతుంది. పదార్థాల పట్టిక లేని పొట్లం ప్రక్షిప్తం, తిరస్కరించబడుతుంది. అక్కర్లేనిది చెప్పనని కూడా మల్లినాథుడు అన్నాడు, కానీ ఆ రెండో నియమం ఈ వ్యాఖ్యాతకు వర్తించదు.

పాఠాంతరం: రెండో పాదంలో "కడిగి తిప్పు" బదులు "కలియ తిప్పు" అని ఉండాలని నాయకుడి పక్షం. గణం సరిపోయింది, యతీ చెల్లింది, పైగా కూర అడుగంటకుండా ఉంటుందని ప్రయోజనం కూడా చూపారు. ఛందస్సు చెడని మాట నిజమే, చెడేది కడుపు. గరిటె కాడ దగ్గర ఎండి అంటుకున్న రవ్వ పలుకు రెండింటిని ప్రత్యక్ష ప్రమాణంగా చూపి నాయిక ఈ పాఠాన్ని కొట్టివేసింది. నాయకుడు ఇంకా ఒప్పుకోలేదు గానీ, సింకు దగ్గర నిలబడి వాదిస్తున్నాడు, చేతిలో పీచు ఉంది.